మెరక చేసిన పెరడు, పక్కింట నిలిచిన నీరు

తన పేరూ ఊరూ బయటపెట్టవద్దన్న షరతుతో ఒక పాఠకుడు రాసిన నాలుగు పేజీల ఉత్తరం సారాంశం ఇది. ఆయన ఇల్లు ఏటవాలుగా సాగే వీధిలో ఉంది. ఎగువన ఒక ఇల్లు, దిగువన ఒక ఇల్లు, నడుమ ఆయనది. ఇంటి వెనుక పెరడు పల్లంగా ఉండి, గట్టి వాన పడితే రెండు మూడు రోజులు చిత్తడిగానే ఉండేది. పిల్లలు ఆడుకోవడానికి పనికివస్తుందని, 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న ఆ పెరడును సగటున అడుగున్నర మెరక చేయించారు. పదహారు ట్రక్కుల మట్టి పట్టింది. రెండు సెలవు రోజుల్లో పని ముగిసింది. అనుమతి తీసుకోవాలేమో అని అడిగితే, "గోడ కడితే పర్మిట్ కావాలి గానీ, సొంత పెరట్లో మట్టి పోసుకోవడానికి పర్మిట్ ఏమిటండీ" అని కాంట్రాక్టరు తేల్చేశారట. పనిలో పనిగా, మూడు ఇళ్ల వెనుకగా పెరటి చివర సాగే ఒక లోతులేని గాడిని కూడా, ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది కదా అని, తమ హద్దు మేరకు పూడ్పించేశారు.

తర్వాత వచ్చిన మొదటి పెద్ద వానకే దిగువ ఇంటి పెరట్లో చీలమండ లోతు నీరు నిలిచింది. ఆ ఇంట్లో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయురాలు ఒంటరిగా ఉంటారు. మన పాఠకుడి కుటుంబం ఆమెను పిన్నిగారు అని పిలుస్తుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే రోజుల్లో వారి పాపను నాలుగేళ్లపాటు సాయంత్రాలు ఆమే చూసుకున్నారు. నీటి సంగతి ఆమె రెండుసార్లు వచ్చి చెప్పారు. "కొత్త మట్టి కదా పిన్నిగారూ, నాలుగు వానలకు సర్దుకుంటుంది" అని ఈయన నచ్చజెప్పారు. మూడో వానకు ఆమె సామాన్ల గది గోడకు చెమ్మ ఎక్కింది. ఆ మరుసటి వారం నగరపాలక సంస్థ తనిఖీ అధికారి వచ్చి, పని ఆపాలనీ, 30 రోజుల్లోగా ప్లాన్లతో సహా అనుమతికి దరఖాస్తు చేయాలనీ, లేదంటే నేలను పూర్వపు మట్టానికి తేవాలనీ నోటీసు ఇచ్చి వెళ్లారు. అందులో 11 రోజులు గడిచిపోయాయి. ఇప్పుడు ఎగువ ఇంటివారు కూడా తమ వైపు నీరు కదలడం లేదంటున్నారు. మట్టి మొత్తం ఎత్తించేసి పిన్నిగారికి క్షమాపణ చెబుదామని భార్య. ఒక్క మాట ఒప్పుకున్నా నష్టపరిహారం మెడకు చుట్టుకుంటుందని అన్నయ్య. రాత్రికి రాత్రి పైపు వేసి నీటిని మురుగు లైనులో కలిపేస్తానని కాంట్రాక్టరు. "నా నేల మీద నేను మట్టి పోసుకోవడం నేరమా? ఇన్నేళ్ల అనుబంధం ఉండి, నన్ను అడగకుండా ఆవిడ ఫిర్యాదు చేయడం న్యాయమా? నేనిప్పుడు ఏం చేయాలి?" అని ఆయన అడుగుతున్నారు.

మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దాని జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఆమె మిమ్మల్ని అడగకుండా ఫిర్యాదు చేయలేదు. రెండుసార్లు మీ గుమ్మం ఎక్కి చెప్పారు, రెండుసార్లూ మీరు ఓపిక పట్టమన్నారు, ఆమె పట్టారు. మూడోసారికి నీరు గోడలోకి వచ్చింది. ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడకు, తనకు ఇష్టమైన కుటుంబంతో గొడవ పడకుండా నీటిని ఆపించుకునే దారి అంతకుమించి ఏముందో నాకు తోచడం లేదు. మీరు చెప్పిన మాట అబద్ధమని అనను. వదులుగా పోసిన మట్టి కాలక్రమంలో కుంగే మాట నిజమే. అయితే మట్టి కుంగినంత మాత్రాన పూడిన దారి తెరుచుకోదు; పైగా నేల గట్టిపడిన కొద్దీ నీరు ఇంకడం తగ్గి, పైపైన పారేది పెరుగుతుంది. నాలుగు వానలు ఆగి ఉంటే ఆమె పరిస్థితి మెరుగుపడకపోగా ఇంకా చెడిపోయేది.

ఇక మీ మొదటి ప్రశ్న. మట్టి పోసుకోవడం నేరం కాదు, కానీ చాలా నగరాలలో ఒక హద్దు దాటితే అది అనుమతి కావలసిన పని. ఆ హద్దును కొన్నిచోట్ల మట్టి పరిమాణంతో, కొన్నిచోట్ల ఎత్తుతో, కొన్నిచోట్ల విస్తీర్ణంతో కొలుస్తారు. పరిమాణంతో కొలిచే నగరాలలో తరచుగా కనిపించే హద్దు 50 ఘన గజాలు. మీ పెరటి లెక్క వేద్దాం. 40 అడుగులను 60తో హెచ్చిస్తే 2,400 చదరపు అడుగులు. దాని మీద అడుగున్నర అంటే 3,600 ఘనపుటడుగులు. ఒక ఘన గజానికి 27 ఘనపుటడుగులు కాబట్టి మీరు పోయించినది సుమారు 133 ఘన గజాలు. మీ కాంట్రాక్టరు మాటలో సగం నిజం ఉంది. పూలమడి కోసం రెండు బండ్ల మట్టి తోలించుకునేవారిని సాధారణంగా ఏ నగరమూ పర్మిట్ అడగదు. ఆ మినహాయింపును పదహారు ట్రక్కులకు సాగదీయడం దగ్గర ఆయన తప్పారు.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోండి. అనేక నగరాలు ఆధారంగా తీసుకునే నమూనా భవన నియమావళిలో ఒక వాక్యం ఉంటుంది: అనుమతి అక్కర్లేని పని అయినంత మాత్రాన, నియమాలకు విరుద్ధంగా చేయడానికి అది అంగీకారం కాదు. అంటే మీరు 30 ఘన గజాలే పోయించి ఉన్నా, ఆ గాడిని పూడ్చిన సంగతి మాఫీ అయ్యేది కాదు.

మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయిన చోటు ఆ గాడే. మీరు దాన్ని ఒకే ఒక్క వాక్యంలో, అదీ ఏదో చిన్న విషయమన్నట్టు రాశారు. ఈ వ్యవహారమంతటికీ కీలకం అదేనని నా అంచనా. ఏటవాలు వీధిలో వరుసగా ఇళ్లు వేసేటప్పుడు లేఅవుట్ గీసిన ఇంజనీరు ముందుగా ఆలోచించేది పై ఇంటి నీరు కింది ఇంటి పునాది తగలకుండా ఎటు పోవాలన్నది. అందుకోసం పెరళ్ల చివరనో, రెండు స్థలాల హద్దు వెంటనో లోతు తక్కువగా, వెడల్పు ఎక్కువగా ఒక పల్లాన్ని వాటంగా తీసి వదులుతారు. గడ్డి మొలిచాక అది కాలువలా కనిపించదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయే ఉంటుంది, అలా ఉండాల్సిందే. మూడు ఇళ్ల వెనుకగా తెగకుండా సాగుతోందంటే అది దానంతటది ఏర్పడిన గుంట కాకపోవచ్చు. ఆమోదించిన లేఅవుట్ ప్లానులో నీటి దారిగా గీసి ఉండవచ్చు, మీ దస్తావేజులోనే ఆ పట్టీని కదిలించకూడదన్న షరతు ఉండవచ్చు. ముందుగా ఆ రెండు కాగితాలూ తీసి చూడండి. అది గీసిన దారే అయితే మీరు మూసింది మీ సొంత గుంటను కాదు, ముగ్గురికి చెందిన కాలువలో నడిమి ముక్కను. ఎగువ ఇంటివారి నీరు కదలకపోవడానికీ, పిన్నిగారి పెరట్లోకి కొత్త వైపు నుంచి నీరు రావడానికీ కారణం ఒక్కటే అవుతుంది.

మెరక చేయడం వల్ల జరిగింది మరొకటి ఉంది. మీ పెరడు రెండు మూడు రోజులు చిత్తడిగా ఉండేదన్నారు కదా. అంతకాలం అది చిన్న చెరువులా పనిచేసిందన్నమాట. నీటిని పట్టి ఉంచి, మెల్లగా భూమిలోకీ గాడిలోకీ వదిలింది. 2,400 చదరపు అడుగుల మీద ఒక్క అంగుళం వాన పడితే 200 ఘనపుటడుగులు, అంటే దాదాపు 5,660 లీటర్ల నీరు. ఇంటి వెనుక చూరు నీళ్లు కూడా పెరట్లోకే వదిలి ఉంటే ఆ నీరు దీనికి అదనం. ఇంతకుముందు ఇందులో ఎక్కువ భాగం మీ దగ్గరే ఆగేది. ఇప్పుడు అది ఆగే చోటు లేదు. మీకు విసుగు తెప్పించిన ఆ చిత్తడే పిన్నిగారి సామాన్ల గదిని ఇన్నాళ్లూ పొడిగా ఉంచింది.

నగర నియమాలు ఇలాంటి చోట ఏం చూస్తాయో తెలిస్తే నోటీసు మీద మీకున్న కోపం కొంత తగ్గుతుంది. మట్టి పనికి అనుమతి అడిగితే ప్లాన్లు పరిశీలించేవారు మీ పెరడు చదునుగా, అందంగా ఉందా అని చూడరు. పని ముందు మట్టాలు, పని తర్వాత మట్టాలు, నీరు ఎక్కడ ప్రవేశిస్తోంది, ఎక్కడ బయటకు వెళుతోంది, బయటకు వెళ్లే వేగం మునుపటికంటే పెరిగిందా అని చూస్తారు. ఇంటి చుట్టూ నేల పునాదికి దూరంగా వాలి ఉండాలి. నివాస గృహాల నమూనా నియమావళి ప్రకారం మొదటి 10 అడుగులలో కనీసం 6 అంగుళాలు దిగాలి. హద్దు దగ్గరగా ఉండి అంత చోటు లేకపోతే, సరిగ్గా మీరు పూడ్చినలాంటి గాడినో, నీటిని తీసుకెళ్లే తూమునో పెట్టాలని అదే నియమం చెబుతుంది. పోసిన మట్టిలో చెట్ల వేళ్లు, గడ్డి, చెత్త ఉండకూడదు. పాత నేల మీది పచ్చికను చెక్కి తీసి, గీరి, ఆ తర్వాతే పొరలు పొరలుగా, ఒక్కో పొర 12 అంగుళాలు మించకుండా పోసి దిమ్మిస కొట్టాలి. ఆ మట్టికి ప్రయోగశాల పరీక్షలో తేలిన గరిష్ఠ సాంద్రతలో కనీసం 90 శాతం రావాలి. రెండు సెలవు రోజుల్లో పదహారు ట్రక్కులు దించిన పనిలో ఇవన్నీ జరిగాయని నమ్మడం నాకు కష్టంగా ఉంది. మీరు అక్కడ లేకపోతే కాంట్రాక్టరును అడగండి, ఆయన ఏం చెప్పినా ఒకటి రెండు చోట్ల గుంట తవ్వించి చూడండి.

రెండు గోడలను కూడా ఈలోగా చూసుకోవాలి. మొదటిది పిన్నిగారికీ మీకూ మధ్య ఉన్న ప్రహరీ. ఆ గోడకు మీ వైపు మట్టి ఆని ఉంటే, చాటు కోసం కట్టిన గోడ చేత మీరు మట్టిని మోయిస్తున్నట్టే. తడిసిన మట్టి గోడను తోస్తుంది, దాని వెనుక నీరు నిలిస్తే ఇంకా గట్టిగా తోస్తుంది. నాలుగు అడుగులలోపు గోడకు అనుమతి అక్కర్లేదని ఎవరైనా అంటే, ఆ నాలుగు అడుగులు పునాది అడుగు నుంచి కొలవాలనీ, మీద అదనపు బరువు ఉంటే ఆ మినహాయింపు కూడా వర్తించదనీ తెలుసుకోండి. రెండోది మీ ఇంటి గోడే. నేలలోని తేమ పైకి పాకకుండా గోడలో వేసే అడ్డుపొరకు మట్టి ఎత్తు కనీసం 6 అంగుళాలు కింద ఉండాలి. పెరడంతా సమంగా అడుగున్నర లేపినప్పుడు ఇది తరచుగా మరిచిపోతారు. అప్పుడు మీ గోడకు కూడా చెమ్మ వస్తుంది, కాస్త ఆలస్యంగా.

నీటి విషయంలో ఇరుగుపొరుగు హక్కుల చర్చ చాలా పాతది. పొరుగువాడు చేసిన మట్టి పని వల్ల తన పొలం మీదికి వాననీరు వస్తే దావా వేసే హక్కు ప్రాచీన రోమన్ చట్టంలోనే ఉంది. 1804 నాటి ఫ్రెంచి పౌర స్మృతి 640వ అధికరణం అదే సూత్రాన్ని తేటగా చెప్పింది: మనిషి చేయి పడకుండా సహజంగా వచ్చే నీటిని దిగువ భూమి భరించాలి, ఎగువవాడు ఆ భారాన్ని పెంచకూడదు, దిగువవాడు దానికి అడ్డుకట్ట వేయకూడదు. వాననీరు అందరికీ ఉమ్మడి శత్రువు, ఎవరి నేలను వారు ఎలాగైనా కాపాడుకోవచ్చు అనే సిద్ధాంతం కూడా కొన్ని చోట్ల నడిచింది. మీ అన్నయ్య ఎక్కడో దాన్ని విని ఉండవచ్చు. దాన్ని పాటించిన చోట్ల కూడా న్యాయస్థానాలు కాలక్రమంలో దాని పదును తగ్గించి, చేసిన పని సబబుగా ఉందా, అవతలివారికి అనవసరమైన నష్టం తగ్గించే ప్రయత్నం జరిగిందా అని అడగడం మొదలుపెట్టాయి. మీ విషయానికి వస్తే, పిన్నిగారు పల్లంలో ఉన్నారు కాబట్టి సహజంగా వచ్చే నీటిని ఆమె భరించాల్సిందే. మీ మట్టి వల్ల అదనంగా వచ్చే నీరు ఆమె బాధ్యత కాదు. పై ఇంటివారి విషయంలో మీరు దిగువవారు, దారికి అడ్డుకట్ట వేసినవారు. ఒకే పనితో రెండు వైపులా బాకీపడ్డారు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు గానీ, ఇలాంటి తగాదాలలో నీరు ఎరిగిన పల్లాన్ని కొలిస్తే నిజం కూడా చాలా వరకు తెలిసిపోతుంది.

ఇక మీ ముందున్న దారులు. మొదట కాంట్రాక్టరు చెప్పిన పైపును పక్కన పెట్టేద్దాం, ఎందుకంటే అది దారి కాదు. మురుగు లైన్లను ఇళ్లలో వాడిన నీటి లెక్కన కడతారు. వాననీటికి వేరే లైన్లు ఉన్న నగరాలలో మురుగు లైనులోకి వాననీరు వదలడం నిషిద్ధం. జోరువానలో ఆ లైను నిండితే నీరు వెనక్కి తన్ని, అన్నిటికంటే దిగువన ఉన్న ఇంటి మరుగుదొడ్డిలోంచి పైకి వస్తుంది. దిగువన ఉన్న ఇల్లు ఎవరిదో మీకు తెలుసు.

మీ భార్యగారు చెప్పినట్టు మొత్తం మట్టి ఎత్తించేయడం నోటీసు స్వయంగా ఇచ్చిన అవకాశమే. వాదనకు తావులేని దారి అది, పిన్నిగారికి తొందరగా ఊరట ఇచ్చేది కూడా. కానీ రెండు చిక్కులున్నాయి. 133 ఘన గజాలు తవ్వి తీయడం కూడా మట్టి పనే. నోటీసులో పని ఆపమని ఉంది కాబట్టి, తీసే పనికి రాతపూర్వకమైన అంగీకారం లేకుండా యంత్రాన్ని లోపలికి తేవద్దు. రెండోది, పూర్వపు మట్టం అంటే ఏది అన్న ప్రశ్న. ఇల్లు కొన్నప్పటి సర్వే, లేఅవుట్ ప్లాను, పెరడు కనిపించే పాత ఫోటోలు లేకుండా ఆపరేటరు కంటి అంచనాతో తవ్వితే గాడి వాటం తిరిగి రాదు; అంగుళం రెండంగుళాలు అటూ ఇటూ అయినా నీరు అందులో పారకుండా నిలుస్తుంది. మట్టి తీసేశాం కదా అని మీరు, నీరు వస్తూనే ఉంది కదా అని ఆమె, మళ్లీ మొదటికి వస్తారు. చిత్తడి పెరడు కూడా మీకు తిరిగి వస్తుంది.

రెండో దారి చేసిన పనికి వెనుకటి నుంచి అనుమతి తెచ్చుకోవడం. దీనికి సర్వేయరు కొలతలు, ఇంజనీరు గీసిన మట్టాల ప్లాను, నీటి లెక్క, బహుశా మట్టి పరీక్ష కావాలి. అనుమతి లేకుండా మొదలుపెట్టినందుకు సాధారణ రుసుము మీద అదనపు రుసుము వేయడం చాలా నగరాలలో ఉన్నదే. ఈ దారిలో అందరూ పొరబడేది ఒకచోట: దరఖాస్తు చేస్తే ఉన్నది ఉన్నట్టు ఆమోదిస్తారని ఆశపడతారు. గాడి పూడిన స్థితిలో మీ పెరడును ఏ ఇంజనీరూ సంతకం చేసి సమర్థించలేరు. దరఖాస్తు అంటే సరిదిద్దే పనికి దరఖాస్తు అనే అనుకోండి.

అందుకే నాకు ఎక్కువ సబబుగా తోచేది ఈ రెంటికీ నడుమనుంది. గాడి ఉన్న పట్టీలోనూ, పిన్నిగారి ప్రహరీ వెంటా మట్టిని పూర్తిగా తీసి, గాడిని ఎగువ ఇంటి మట్టం నుంచి దిగువ ఇంటి మట్టం వరకు తెగని వాటంతో తిరిగి తీయడం. ఇంటి గోడ వెంట మట్టి దించడం. నడుమ మిగిలిన భాగాన్ని తవ్వి, సరిగ్గా దిమ్మిస కొట్టి, రెండు వైపులా గాడి దిశగా వాల్చడం. మెరక అంచును గోడలా నిలువుగా వదలకుండా, రెండడుగుల అడ్డానికి ఒక అడుగు నిలువు కంటే నిటారుగా లేకుండా వాల్చి గడ్డి వేస్తే చాలు. అయితే పెరడు ఇదివరకు పట్టి ఉంచిన నీటికి కూడా బదులు చూపాలి. చూరు నీళ్లను గొట్టంతో వీధి వైపు వాననీటి కాలువకు మళ్లించడం ఒక పద్ధతి, అక్కడ కలపడానికి నగరం ఒప్పుకోవాలి. పెరటి మూల ఒక చిన్న పల్లాన్ని వదిలి నీరు అక్కడ కాసేపు ఆగేలా చేయడం మరొకటి. ఇంకుడు గుంత అన్నది అందరూ ముందుగా అనే మాట. కానీ కొత్తగా పోసిన మట్టిలో ఇంకుడు గుంత తీస్తే నీరు ఆ మట్టిని కుంగదీసి పక్కకు ఊరుతుంది. పాత నేల దాకా దిగి, అక్కడ నీరు ఎంత సేపట్లో ఇంకుతోందో పరీక్షించి, పునాదులకు తగినంత దూరంగా, పిన్నిగారి పునాదికి కూడా, తీస్తేనే అది పనికివస్తుంది. ఈ మధ్యే దారిలో మీకు పిల్లలు ఆడుకునే చోటు సగానికి పైగా మిగులుతుంది. ఖర్చు మాత్రం మట్టి ఎత్తించడంకంటే ఎక్కువ కావచ్చు, సమయం ఖాయంగా ఎక్కువ పడుతుంది, అంతవరకు వానలు ఆగవు.

నోటీసు మీద అప్పీలు చేయడం కూడా మీ హక్కే. పరిమాణం హద్దులోపే ఉందనీ, ఆ గాడి ఏ ప్లానులోనూ లేదనీ కాగితాలు చెబితే అది వృథా ప్రయత్నం కాదు. మీరు రాసిన కొలతలను బట్టి మొదటి వాదన నిలవదు. ఒకవేళ అప్పీలు గెలిచినా అది నగరంతో ఉన్న లెక్కను మాత్రమే తీరుస్తుంది. పిన్నిగారి గోడ లెక్క అలాగే ఉంటుంది. అనుమతి చేతికి వచ్చినా అంతే. నగరం ముద్ర వేసిన ప్లాను ప్రకారం చేసిన పని వల్ల పొరుగువారికి నష్టం జరిగితే, ఆ ముద్ర మీకు సాక్ష్యంగా పనికివస్తుంది గానీ కవచం కాదు.

నీటిని పిన్నిగారి స్థలంలోంచి గొట్టం ద్వారా తీసుకెళ్లడానికి ఆమెను ఒప్పించమని ఎవరైనా ఇంజనీరు సూచించవచ్చు. అది సాంకేతికంగా తేలికైన పని, రాసుకుని రిజిస్టరు చేస్తే చట్టబద్ధం కూడా. అయితే ఆ దారి హక్కు ఆమె ఇంటికి శాశ్వతంగా అంటుకుంటుంది, రేపు అమ్మేటప్పుడు విలువ తగ్గించగలదు. ఇప్పుడున్న స్థితిలో మీరు అడిగితే ఆమె మొహమాటానికి ఒప్పుకోవచ్చు. అందుకే అడగవద్దంటాను.

మీ అన్నయ్య మాటకు వస్తాను. ఆయన చెప్పినదాన్ని పూర్తిగా కొట్టిపారేయను. ఇంటి బీమాలో పొరుగువారి నష్టానికి పూచీ ఉంటే, సంగతి వెంటనే తెలియజేయాలనీ, తమను అడగకుండా బాధ్యత ఒప్పుకోవద్దనీ షరతులు ఉండడం సాధారణం. కాబట్టి ముందు బీమా సంస్థకు తెలియజేయండి, ఒక న్యాయవాదితో ఒక గంట కూర్చోండి, 'నష్టమంతా నాదే' అని ఏ కాగితం మీదా రాయకండి. కానీ నష్టపరిహారం మాట రాకూడదని నోరు మూసుకుని కూర్చోవడం వల్ల, రేపు న్యాయస్థానం అడిగే ప్రశ్నకు, అంటే తెలిసిన తర్వాత నష్టాన్ని తగ్గించడానికి మీరేం చేశారన్న దానికి, మీ దగ్గర జవాబు లేకుండా పోతుంది. "మీ గోడ చూశాను పిన్నిగారూ, మీరు చెప్పినప్పుడే నేను వినాల్సింది" అనడం బాధ్యత రాసివ్వడం కాదు. కాంట్రాక్టరుతో చేసుకున్న ఒప్పందం, చెల్లించిన రసీదులు, పర్మిట్ అక్కర్లేదని ఆయన పంపిన సందేశాలేమైనా ఉంటే భద్రపరచండి. నగరం దృష్టిలో స్థల యజమానిగా మీరే జవాబుదారు, ఆయన నుంచి రాబట్టుకోవడం తర్వాతి సంగతి.

మిగిలినవి 19 రోజులు. ఆ గడువులో ప్లాను సిద్ధం కావడం కష్టం, అవ్వాల్సిన అవసరమూ లేదు. ఈ వారంలోనే సర్వేయరునో ఇంజనీరునో కుదుర్చుకుని, ఆ ఒప్పంద పత్రం జతచేసి, గడువు పొడిగించమని నగరానికి లేఖ ఇవ్వండి. గడువు దాటాక అడిగేవారికీ, దాటకముందే ఇంజనీరును కుదుర్చుకుని అడిగేవారికీ దొరికే మర్యాద ఒకటి కాదు. అదే లేఖలో తాత్కాలిక చర్యలకు అంగీకారం కోరండి: ప్రహరీ వెంట ఇసుక బస్తాలు, బోసి నేల మీద గడ్డి పరుపు, చూరు నీళ్లకు వీధి వైపు తాత్కాలిక గొట్టం, అన్నిటికంటే ముఖ్యంగా పూడిన గాడిలో చేతి పనితోనైనా ఒక సన్నని దారి. ఇసుక బస్తాలు మాత్రమే వేసి గాడిని వదిలేస్తే నీరు ఎగువవారి వైపు పెరుగుతుంది, కాబట్టి ఆ రెండూ కలిసే జరగాలి.

ఇంజనీరు వచ్చే రోజున పిన్నిగారి అనుమతి తీసుకుని ఆయనను ఆమె పెరట్లోకి కూడా తీసుకెళ్లండి. మీరు మూడు వానలనూ మీ మెరక మీద నిలబడి చూశారు. నీరు ఏ మూల నుంచి వచ్చింది, ఎంతసేపు నిలిచింది, గోడ మీద ఏ గీత దాకా ఎక్కింది అన్నవి తెలిసింది ఆమెకే. ఆ గీత ఎత్తును ప్లానులో గుర్తించమని ఆయనను అడగండి, గాడి వాటం అక్కడి నుంచే లెక్కకట్టాలి.